కొత్త పంజరం, మొదటి రెండు వారాలు

కొత్త పంజరంలోకి వచ్చిన చిలక పిల్ల మొదటి రోజు అరవదు, తినదు, ఒక మూల నుంచి కదలదు. ఇంట్లోవాళ్ళు చూసి "అబ్బ, ఎంత బుద్ధిగా ఉందో!" అని మురిసిపోతారు. అది బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోవడం. ఈ ఒక్క విషయం అర్థమైతే ఆ తర్వాత ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదో సగం దానంతట అదే తెలిసిపోతుంది.

మన కాలేజీలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు పక్షులున్నాయి. స్టేటస్‌లు చూస్తూనే ఉన్నాం కదా. తెచ్చిన రోజు పది ఫొటోలు, వారం తర్వాత ఒకటి, నెల తర్వాత ఏమీ ఉండదు. అడిగితే "పోయింది రా, ఏమైందో తెలీదు" అంటారు. నిజానికి చాలాసార్లు ఏమైందో తెలుసుకోవచ్చు, ముందే ఆపొచ్చు కూడా. గుంటూరులో మా ఇంట్లో ఒక కాకటీల్ ఉంది. మా చెల్లిది. తెల్లగా, కొంచెం పసుపుగా ఉంటుంది కాబట్టి దానికి జున్ను అని పేరు పెట్టింది. షాపుల్లో దీన్ని అందరూ "కాక్‌టెయిల్" అనే అంటారు. మా నాన్న ఫోన్‌లో ఆ మాట విని చెల్లి ఏం కొంటానంటోందో అర్థం కాక రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. జున్ను వచ్చినప్పుడు నాకు సెమ్ హాలిడేస్, కాబట్టి ఆ రెండు వారాలూ నేను పక్కనే ఉండి చూశాను. ఇందులో ఉదాహరణలు చాలావరకు అక్కడివే.

ముందు, ఏ చిలక?

ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం కరెక్ట్ కాదు. మన జామచెట్ల మీద వాలే ఆకుపచ్చ రామచిలకను ఇంట్లో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ తప్పే. "మా తాతల నుంచీ పెంచుతున్నాం" అంటే చట్టం ఒప్పుకోదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ఇదే రామచిలకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలంగాణకు పాలపిట్ట ఎప్పటిలాగే ఉంది. రాష్ట్ర పక్షి అయినా సరే, ఇప్పటికీ గోనెసంచి కప్పిన బుట్టల్లో రామచిలక పిల్లల్ని అమ్మేవాళ్ళు కనిపిస్తారు. జాలిపడి ఒకదాన్ని కొంటే దాని ప్లేస్‌లో గూట్లోంచి ఇంకొకటి వస్తుంది, అంతే. కొనకండి.

కాకటీల్, బడ్జీ, లవ్‌బర్డ్ లాంటివి వేరు. కాకటీల్, బడ్జీ రెండూ ఆస్ట్రేలియా పక్షులు. లవ్‌బర్డ్ ఆఫ్రికాది. ఇక్కడ దొరికేవి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగినవి. బయట వదిలేస్తే మన కాకుల మధ్య, మన ఎండలో బతకడం దాదాపు జరగని పని. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి పెద్ద చిలకలు 'సైటీస్' అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. వాటిని పెంచేవాళ్ళు 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. కాకటీల్, బడ్జీ ఆ జాబితాలో లేవు. స్టూడెంట్స్ ఇళ్ళల్లో ఉండేవి ఎక్కువగా ఇవే కాబట్టి నేను కాకటీల్ గురించే రాస్తున్నా. మిగతా చిన్న చిలకలకు కూడా ఇందులో చాలావరకు సరిపోతుంది.

భక్త రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఎందుకున్నాడంటే, ముందు జన్మలో ఒక చిలకను పంజరంలో పెట్టాడు కాబట్టి అని ఒక కథ చెబుతారు. జున్ను వచ్చిన రోజే మా నాయనమ్మ ఈ కథ మొత్తం చెప్పి, "ఇంక మీ ఇష్టం" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె పాయింట్‌కి నా దగ్గర గట్టి సమాధానం లేదు. కానీ పక్షి ఆల్రెడీ పంజరంలో ఉంది, దానికి వేరే ఇల్లు లేదు. అలాంటప్పుడు ఆ పంజరం ఎలా ఉండాలనేదే మన చేతిలో ఉన్న ప్రశ్న.

ఇంకొకటి. షాపుల్లో "చేత్తో తినిపిస్తే బాగా మచ్చికవుతుంది" అని ఇంకా సొంతంగా తినడం రాని పిల్లల్ని అంటగడతారు. అస్సలు తీసుకోవద్దు. ఆ మెత్తటి ఫీడ్ వేడి కొంచెం ఎక్కువైతే గొంతు కింద ఉండే తిండి సంచి కాలిపోతుంది. సిరంజి కొంచెం తప్పితే ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతుంది. కాకటీల్ పిల్ల సుమారు 8 నుంచి 10 వారాలకు సొంతంగా తినడం నేర్చుకుంటుంది. షాపులో పది నిమిషాలు నిలబడండి. గింజ తీసుకుని, పొట్టు ఒలిచి, మింగుతోందని మీ కళ్ళతో చూశాకే డబ్బులివ్వండి. పెద్దయ్యాక తెస్తే మచ్చిక కాదన్నది అబద్ధం. కాస్త టైం పడుతుంది, అంతే.

భయం ఎందుకు

చిలక వేటాడే జంతువు కాదు, వేటాడబడే జంతువు. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. ఎందుకంటే డేగ ఏ వైపు నుంచైనా రావచ్చు. ఎక్కువగా పైనుంచే వస్తుంది. ఇప్పుడు మనం ఏం చేస్తాం? ప్రేమగా పైనుంచి చెయ్యి దింపుతాం. రెండు కళ్ళతో నేరుగా గుడ్లప్పగించి చూస్తాం. నవ్వితే పళ్ళు కనిపిస్తాయి. దాని వైపు నుంచి ఆలోచిస్తే ఇదంతా పులి చేసే పనిలా ఉంటుంది.

దీని వల్లే ఇంకో అలవాటు కూడా వచ్చింది. గుంపులో బలహీనంగా కనిపించిన పక్షిని వేటగాడు ముందు పట్టుకుంటాడు. అందుకే చిలకలు జబ్బు చేసినా బాగున్నట్టే నటిస్తాయి. మనకు తేడా తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. "నిన్నటి దాకా బాగానే ఉంది" అనే మాట వెనక ఉన్న కథ ఇదే.

కాకటీల్ విషయంలో మనకున్న అదృష్టం దాని నెత్తి మీద జుట్టు. అది కాకటూ కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది, ఆ కుటుంబానికి కుచ్చు ఉంటుంది. కుచ్చు నిట్టనిలువుగా లేచిందంటే ఉలిక్కిపడింది, లేదా దేన్నో గట్టిగా గమనిస్తోంది. తలకి అతుక్కుపోయి, మెడ ముందుకు చాపి బుస్సుమంటోందంటే భయం, కోపం రెండూ కలిసి ఉన్నాయి, చెయ్యి వెనక్కి తీసుకోండి. మామూలుగా వెనక్కి వాలి చివర మాత్రం కొంచెం పైకి ఉంటే ప్రశాంతంగా ఉందని అర్థం. ఇది స్టేటస్ లైట్ లాంటిది. రోజూ చూస్తే వారంలో చదవడం వచ్చేస్తుంది. ముక్కు కింద పైకి కరకరమని మెల్లగా నూరుతోందంటే ఆ రాత్రికి మీరు గెలిచినట్టే, అది నిద్రకి ముందు హాయిగా ఉన్నప్పుడు చేసే పని.

పంజరం పక్షి కన్నా ముందు రావాలి

పక్షిని తెచ్చి, చిన్న డబ్బాలో పెట్టి, అప్పుడు పంజరం కోసం తిరిగేవాళ్ళున్నారు. తలకిందులు. పంజరం ముందు రోజే రెడీగా ఉండాలి.

ఒక కాకటీల్‌కి కనీసం రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. అంతకన్నా పెద్దదైతే మంచిదే. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, చిలక హెలికాప్టర్ కాదు, అడ్డంగా ఎగురుతుంది. కమ్మీల మధ్య సందు అర అంగుళం అటూ ఇటూ ఉండాలి. తల దూరేంత ఉంటే ఇరుక్కుంటుంది. కమ్మీలు కొన్నయినా అడ్డంగా ఉంటే ఎక్కడానికి బాగుంటుంది. గుండ్రటి పంజరాలు సినిమాల్లో బాగుంటాయి గానీ వాటిలో మూల ఉండదు. భయపడ్డ పక్షికి వెనక్కి ఆనుకోవడానికి ఒక మూల కావాలి.

మన దగ్గర చవగ్గా దొరికే జాలీ పంజరాలు చాలావరకు జింక్ పూత పూసినవి. చిలకకి ముక్కే చెయ్యి. ఎక్కడం, పట్టుకోవడం, టెస్ట్ చేయడం అన్నీ దాంతోనే. కొత్త జాలీ మీద పొడిలా, బొట్లు బొట్లుగా ఉండే జింక్ కడుపులోకి వెళ్తే విషం అవుతుంది. పౌడర్ కోటింగ్ ఉన్నదో, స్టీలుదో కొనగలిగితే కొనండి. కొనలేకపోతే వెనిగర్‌తో బ్రష్ పెట్టి బాగా రుద్ది, నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, ఎండలో ఆరబెట్టాకే వాడండి. తుప్పు పట్టిన పాత పంజరం మాత్రం ఎవరు ఫ్రీగా ఇచ్చినా వద్దు.

పంజరంతో పాటు వచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్ర తీసి పక్కన పెట్టేయండి. రోజంతా ఒకే మందం కర్ర మీద నిలబడితే పాదంలో ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు వస్తాయి. మనం ఎప్పుడూ ఒకే చెప్పులతో, ఒకే భంగిమలో నిలబడి ఉన్నట్టు. దానికి బదులు జామ కొమ్మో వేప కొమ్మో కోయండి. పురుగుమందు కొట్టని చెట్టు అయి ఉండాలి. కడిగి, ఎండబెట్టి, రెండు మూడు రకాల మందాల్లో, వేరే వేరే ఎత్తుల్లో పెట్టండి. కాలివేళ్ళు కొమ్మ చుట్టూ పూర్తిగా కలిసిపోకూడదు, కొంచెం ఖాళీ మిగలాలి. అన్నిటికన్నా పై కొమ్మ పడుకోవడానికి. తిండి గిన్నెలు, నీళ్ళ గిన్నె ఏ కొమ్మకీ సరిగ్గా కింద ఉండకూడదు, ఎందుకో చెప్పక్కర్లేదు. బొమ్మలు మొదటి వారం ఒకటి చాలు. అద్దం వద్దు. అద్దంలో ఉన్నదాన్ని ఇంకో పక్షి అనుకుని దానితోనే కాపురం పెట్టేస్తుంది, మనల్ని పట్టించుకోదు.

ఇక ఎక్కడ పెట్టాలి? వంటింట్లో కాదు, వంటింటి పక్కన కూడా కాదు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో చాలా పక్షులు పోయేది దీనివల్లే అని నాకనిపిస్తుంది. పక్షి ఊపిరి వ్యవస్థ మనలాంటిది కాదు. ఊపిరితిత్తులతో పాటు శరీరమంతా గాలి సంచులుంటాయి. గాలి ఊపిరితిత్తుల్లో ఒకే దిశలో ప్రవహిస్తుంది కాబట్టి ప్రతి శ్వాసలో మనకన్నా ఎక్కువ ఆక్సిజన్ లాగుతుంది. ఎగరడానికి అది కావాలి. కానీ గాలిలో విషం ఉంటే దాన్ని కూడా అంతే సమర్థంగా లాగుతుంది. పూర్వం బొగ్గు గనుల్లోకి కానరీ పిట్టల్ని తీసుకెళ్ళింది ఇందుకే. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మర్చిపోయి మాడిపోతే దాని పూత నుంచి వచ్చే ఆవిరికి మనకు మహా అయితే దగ్గు, జ్వరం వస్తాయి. చిలక నిమిషాల్లో చచ్చిపోతుంది. వాసన కూడా పెద్దగా రాదు. మిరపకాయల పోపు ఘాటు, దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి పొగ, రూమ్ స్ప్రే, సిగరెట్ ఇవన్నీ ఆ గదిలో బంద్. మా ఇంట్లో జున్ను ఉన్న గదికి కిటికీ జాలీ, రాత్రికి దోమతెర వచ్చాయి. పూజగది తలుపు వేసి సాంబ్రాణి వెయ్యమంటే నాయనమ్మ నావైపు చూసిన చూపు ఉంది చూశారూ, అది వదిలేద్దాం. కానీ వేస్తోంది.

పంజరానికి ఒక పక్క గోడ ఉండాలి, మన ఛాతీ ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే అందరూ దానికి పైనుంచి వచ్చేవాళ్ళే అవుతారు. నేరుగా ఎండ, ఏసీ గాలి, ఫ్యాన్ కిందా వద్దు. బాల్కనీలో పెడితే కాకులు, పిల్లులు వచ్చి చూస్తూ కూర్చుంటాయి. ముట్టుకోకపోయినా ఆ చూపే చాలు దానికి. మనుషులు కూర్చునే గదిలో, ఒక పక్కగా ఉంటే బెస్ట్. ఒంటరి గదిలో పెడితే ప్రశాంతంగా ఉంటుందనుకుంటాం గానీ, గుంపుగా బతికే పక్షికి పూర్తి నిశ్శబ్దం అంటే ప్రమాదం వచ్చిందని అర్థం. అడవిలో పక్షులన్నీ ఒక్కసారిగా సైలెంట్ అయ్యేది డేగ వచ్చినప్పుడే.

ఇంట్లో ఆల్రెడీ వేరే పక్షులుంటే కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే గదిలో పెట్టండి. బయటికి బాగానే కనిపిస్తూ జబ్బు మోసుకొచ్చే పక్షులుంటాయి.

మొదటి మూడు రోజులు

పక్షిని ఉదయం పూట తీసుకురండి. సాయంత్రం తెస్తే చీకటి పడేలోపు తిండి ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో తెలుసుకోలేదు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో తెచ్చి, ఆ పెట్టెను పంజరం తలుపుకి ఆనించి, దానంతట అది లోపలికి నడిచే దాకా ఆగండి. చేత్తో పట్టి లోపల వేస్తే మీ చెయ్యి గురించి దానికి మొదటి రోజే ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది.

షాపులో ఏం తినేదో కనుక్కుని అదే పెట్టండి, అది ఎంత చెత్త తిండి అయినా సరే. ఇల్లు మారింది, గుంపు పోయింది. తిండి కూడా మారిస్తే దానికి తెలిసినదేదీ మిగలదు. హెల్తీ డైట్ తర్వాత. మొదటి రోజు కొంచెం గింజలు పంజరం అడుగున కాగితం మీద కూడా చల్లండి. గిన్నె దగ్గరికి వెళ్ళడానికి భయపడే పిల్ల కింద ఏరుకుని తింటుంది.

తింటోందో లేదో ఎలా తెలుస్తుంది? గిన్నె చూసి మోసపోకండి. చిలక గింజ పొట్టు ఒలిచి, పప్పు తిని, పొట్టును అదే గిన్నెలో వదిలేస్తుంది. గిన్నె నిండుగానే కనిపిస్తుంది, లోపల ఉన్నదంతా ఉత్త పొట్టు. రోజుకి రెండుసార్లు మెల్లగా ఊదండి. పొట్టు ఎగిరిపోయాక మిగిలిందే అసలు లెక్క. నిండు గిన్నె ముందు ఆకలితో చచ్చిపోయిన పక్షులున్నాయి, ఇది అతిశయోక్తి కాదు.

అంతకన్నా నమ్మకమైనది రెట్ట. అడుగున తెల్ల కాగితం వేసి రోజూ మార్చండి. మంచి రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చగానో గోధుమరంగులోనో గట్టి భాగం, దాని మీద తెల్లది, చుట్టూ కొంచెం నీటి తడి. గట్టి భాగం అసలు లేకుండా తెల్లది, నీళ్ళే వస్తుంటే తిండి లోపలికి వెళ్ళడం లేదు. వంటింట్లో వాడే డిజిటల్ తూకం ఉంటే ఇంకా మంచిది. కాకటీల్ బరువు సుమారు 80 నుంచి 100 గ్రాములు. అందులో పది గ్రాములు తగ్గడమంటే 60 కేజీల మనిషి వారంలో ఆరు కేజీలు తగ్గినట్టు. మచ్చికయ్యాక ప్రతి ఉదయం తూకం మీద ఒక నిమిషం నిలబెట్టి రాసుకోండి. చెల్లి దీనికి ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టింది. అడిగింది కాబట్టి గ్రాఫ్ నేను వేసిచ్చాను.

జున్ను మొదటి రోజు సాయంత్రం దాకా ఏమీ ముట్టలేదు. కాగితం మీద తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేవు. చెల్లి ఏడుపు ముఖం పెట్టుకుని ప్రతి పది నిమిషాలకూ వెళ్ళి తొంగి చూస్తోంది. చూసిన ప్రతిసారీ కుచ్చు నిట్టనిలువుగా లేస్తోంది. పశువుల ఆసుపత్రి డాక్టర్‌కి ఫోన్ చేస్తే, రేపు మధ్యాహ్నానికి కూడా తినకపోతే తీసుకొచ్చేయండి, చిన్న పక్షి ఒక రోజుకు మించి ఆగలేదు అన్నారు. మర్నాడు పొద్దున నాయనమ్మ, వేరే ఉద్దేశమేమీ లేకుండా, అలవాటు ప్రకారం ఆ గదిలోనే కుర్చీ వేసుకుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. పంజరం వైపు చూడనేలేదు. మధ్యమధ్యలో రెండు గింజలు నోట్లో వేసుకుంటోంది. కాసేపటికి లోపలినుంచి టిక్, టిక్ మని చప్పుడు. జున్ను కిందకి దిగి కాగితం మీద గింజలు ఒలుస్తోంది.

ఇది మహిమ కాదు, దీనికి కారణముంది. చిలకలు గుంపుగా తింటాయి. నలుగురు తల దించి తింటున్నారంటే చుట్టూ ప్రమాదం లేదని సిగ్నల్. పక్కనే కూర్చుని, దాన్ని చూడకుండా, మనం తింటూ ఉంటే అది కూడా తింటుంది. కొత్త పక్షి తినకపోతే మీ భోజనం కంచం పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళండి. డాక్టర్ చెప్పిన గడువు మాత్రం గడువే. ఒక రోజు దాటితే ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

రాత్రిళ్ళు

కాకటీల్‌కి రోజుకి 10 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మన హాస్టల్ టైమింగ్స్ దానికి పనికిరావు. చీకటి పడ్డాక ఆ గదిలో టీవీ ఆపేయాలి, లేదా పంజరాన్ని మూడు వైపులా పల్చటి నూలు గుడ్డతో కప్పాలి. నాలుగో వైపు గాలికి వదిలేయండి.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. కాకటీల్స్‌కి, అందులోనూ జున్నులాంటి తెల్లవాటికి ఎక్కువగా, రాత్రిపూట ఒక్కసారిగా భయం పట్టుకుంటుంది. బల్లి పాకిన నీడో, బయట బండి లైటో, కుక్క అరుపో చాలు. చీకట్లో ఏమీ కనబడక పంజరం గోడలకేసి కొట్టుకుంటుంది. రెక్కల్లో కొత్తగా వస్తున్న ఈకల్లో రక్తం ఉంటుంది, అది విరిగితే రక్తం కారుతుంది. అందుకే పూర్తి చీకటి చేయకండి. మూలలో ఒక చిన్న బెడ్ లైట్ వేసి ఉంచండి. కొట్టుకుంటుంటే చెయ్యి లోపల పెట్టకండి. లైట్ వేసి, మెల్లగా పేరు పెట్టి మాట్లాడుతూ నిలబడండి. మీ గొంతు దానికి తెలిసి ఉంటే రెండు నిమిషాల్లో ఆగుతుంది. మొదటి రోజుల్లో పక్కన కూర్చుని ఊరికే మాట్లాడమనేది ఇందుకే. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఏదైనా పైకి చదవండి. నేను డేటా స్ట్రక్చర్స్ నోట్స్ చదివాను, ఇద్దరికీ నిద్రొచ్చింది. దీపావళి రాత్రి మాత్రం ఎవరో ఒకరు ఆ గదిలోనే ఉండాలి, కిటికీలు మూసి.

చెయ్యి అంటే భయం పోవడం

దీనికి క్యాలెండర్ లేదు. కొన్ని పిల్లలు నాలుగు రోజుల్లో వేలి మీద ఎక్కుతాయి, కొన్నిటికి రెండు నెలలు పడుతుంది. రోజులు లెక్కపెట్టకుండా కుచ్చు చూడండి.

మొదట పంజరానికి కాస్త దూరంగా, పక్కకి తిరిగి కూర్చోండి. కుచ్చు మామూలుగా ఉంటే మర్నాడు కొంచెం దగ్గరికి. తర్వాత కమ్మీల బయటి నుంచి ఒక కొర్ర కంకి చూపించండి. కొర్రలంటే కాకటీల్స్ పడి చస్తాయి, మన ఊళ్ళల్లో కంకులు దొరకడం మన అదృష్టం. పొడవాటి కంకి అయితే మీ వేళ్ళు దూరంగా ఉంటాయి. రోజురోజుకీ పట్టుకునే చోటు దగ్గర చేసుకుంటూ రండి. ఆ కంకి మామూలు గిన్నెలో ఎప్పుడూ పెట్టకూడదు, చేతి నుంచి మాత్రమే. అప్పుడు చెయ్యి అంటే కంకి అని దాని తలలో లింక్ పడుతుంది. మన మెషిన్ లెర్నింగ్ సార్ చెప్పే రివార్డ్ ఫంక్షన్ ఇదే, తేడా ఏంటంటే ఈ మోడల్ కరుస్తుంది.

కమ్మీల బయట ధైర్యంగా తిన్నాకే తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాలి. పైనుంచి కాదు, ఛాతీ కన్నా కింద నుంచి, మెల్లగా. ఒక వేలు కాళ్ళ పైన, పొట్ట దగ్గర ఆనిస్తే ఎక్కుతుంది. "ఎక్కు" అనే మాట ప్రతిసారీ ఒకేలా అనండి. ఎక్కకపోతే బలవంతం లేదు. బుస్సుమంటే ఆగండి, కానీ చెయ్యి విసురుగా లాగేయకండి. విసురుగా లాగితే "బుస్సుమంటే పోతుంది" అని నేర్చుకుంటుంది. రోజుకి ఐదు నిమిషాల చొప్పున రెండుసార్లు చాలు. టవల్ వేసి పట్టుకుని మచ్చిక చేసే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. అందులో పక్షి కదలకుండా ఉండేది మచ్చికై కాదు, తప్పించుకునే దారి లేదని తెలిసి.

చుట్టాలు, పక్కింటి పిల్లలు చూడ్డానికి వస్తారు. మొదటి వారం ఎవర్నీ ఆ గదిలోకి రానివ్వకపోవడం మర్యాద కాదనిపిస్తుంది, కానీ తప్పదు. అందరూ అడిగేది ఒకటే: "మాట్లాడుతుందా?" కాకటీల్స్‌లో మగవి ఈల బాగా వేస్తాయి, కొన్ని రెండు మూడు మాటలు అంటాయి. ఆడవి చాలావరకు అనవు. చిన్నప్పుడు ఆడో మగో చూసి చెప్పడం కూడా కష్టం.

తిండి, ఎండ

స్థిరపడ్డాక, అంటే రెండు వారాల తర్వాత, తిండి నెమ్మదిగా మార్చండి. ఉత్త పొద్దుతిరుగుడు గింజలు మనకి రోజూ మిర్చిబజ్జీల్లాంటివి. కొర్రలు, సజ్జలు, సామలు కలిపిన గింజలు, పెల్లెట్స్ దొరికితే అవి, వాటితో పాటు కడిగిన తోటకూర, మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లిపాయ, ఉప్పు కారం వేసినవేవీ పెట్టకూడదు. యాపిల్ పెడితే గింజలు తీసేయండి.

మన ఎండలకి నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుందంటే వేడి తట్టుకోలేకపోతోంది. వెంటనే చల్లటి గదికి మార్చి, వెడల్పాటి గిన్నెలో తక్కువ లోతు నీళ్ళు పెట్టండి, కాళ్ళ మీద కొంచెం చిలకరించండి. ఐస్ నీళ్ళు కాదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? పగలంతా ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చున్నా, కొమ్మ వదిలి అడుగున కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా, కళ్ళ చుట్టూ, ముక్కు రంధ్రాల దగ్గర తడి ఉన్నా ఆ రోజే వెళ్ళాలి. "రేపు చూద్దాం" అనేది కుక్కకి పనికొస్తుందేమో, 90 గ్రాముల పక్షికి పనికిరాదు. పక్షుల్ని చూసే డాక్టర్ మీ ఊళ్ళో ఎవరో పక్షి రాకముందే కనుక్కుని నంబర్ సేవ్ చేసుకోండి. కాకటీల్స్ ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే ఈ పక్షి తేకపోవడమే మంచిది. ఇంకా, బాగా చూసుకుంటే ఇది 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు కొన్న పక్షి మీ బీటెక్, జాబ్, పెళ్ళి, అన్నీ చూస్తుంది. హాస్టల్ రూమ్‌లో పెంచుదామనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మొదటిసారి బయటికి

వేలి మీదకి రెండు మూడు రోజులు వరసగా, భయం లేకుండా ఎక్కాకే తలుపు తీయాలి. అంతకు ముందు తీస్తే మళ్ళీ లోపలికి పంపడానికి వెంటపడి పట్టుకోవాల్సి వస్తుంది, అప్పటిదాకా కట్టిన నమ్మకం మొత్తం ఒక్క సాయంత్రంలో పోతుంది.

సీలింగ్ ఫ్యాన్ ఆపడం కాదు, స్విచ్ మీద టేప్ అంటించండి. ఎవరో ఒకరు అలవాటుగా నొక్కేస్తారు. కిటికీలు, తలుపులు వేసి, అద్దానికీ గాజు కిటికీకీ గుడ్డ కప్పండి. పక్షికి గాజు కనపడదు. నీళ్ళున్న బకెట్, వేడి ఇస్త్రీ పెట్టె, ఛార్జర్ వైర్లు తీసేయండి. షాపువాళ్ళు రెక్కలు కత్తిరించి ఉంటే అది ఎగరలేక రాయిలా కింద పడుతుంది. అలాంటప్పుడు మంచం మీదే, తక్కువ ఎత్తులోనే వదలండి. ఈకలు కొన్ని నెలల్లో మళ్ళీ వస్తాయి. మళ్ళీ కత్తిరించకండి.

ఆకలి వేసే టైంకి కాస్త ముందు, సాయంత్రం తిండికి ముందు వదిలితే తిరిగి పంపడం తేలిక. దానికి ఇష్టమైన గిన్నె పంజరంలో పెట్టి, తలుపు తీసి ఉంచి, దూరంగా కూర్చోండి. జున్ను మొదటి రోజు కర్టెన్ రాడ్ మీద వాలి నలభై నిమిషాలు దిగలేదు. చెల్లి పిలిచింది, ఈల వేసింది, కంకి ఊపింది. చివరికి నాయనమ్మ చేట చప్పుడు విని దిగివచ్చి, పంజరం పైన వాలి, తలుపు దగ్గర ఒకసారి ఆగి, లోపలికి వెళ్ళి పై కొమ్మ ఎక్కింది. తలుపు వెంటనే వేయలేదు. అది తినడం మొదలుపెట్టాక వేశాం.